పన్ను చిట్టాలలో ప్రజాచరిత్ర: లూథర్ పోర్టర్ జాక్సను జీవితము

చరిత్ర యన్నంతనే మనకు రాజులును, దండయాత్రలును, కోటలును స్ఫురించుట పరిపాటి. రాజులకు ప్రశస్తులు వ్రాయ కవులుండిరి. విజయములను రాతిపై చెక్క శిల్పులుండిరి. కాని చెమటోడ్చి రెండెకరముల నేల కొని, ఏటేట శిస్తు చెల్లించి, బిడ్డలకొక యిల్లు మిగిల్చి కన్నుమూసిన సామాన్యుని చరిత్ర నెవరు వ్రాయుదురు? అట్టివాని పేరు తరచుగా ఒక్కచోటనే మిగులును. అది శిస్తు వసూలు చేయు ఉద్యోగి వ్రాసికొన్న లెక్కల పుస్తకము. దానిని వ్రాసినవాని దృష్టి చరిత్రపై లేదు. ఖజానాకు రావలసిన పైకముపైననే కలదు. అయినను తెలిసినవాడు విప్పి చదివినచో ఆ లెక్కయే సాక్ష్యమగును.

ఈ సత్యమును జీవితమంతయు ధారవోసి నిరూపించిన మహనీయుడు లూథర్ పోర్టర్ జాక్సను. ఈయన అమెరికా దేశమునందలి వర్జీనియా రాష్ట్రమున ఉపాధ్యాయుడుగా నుండి, అచ్చటి నల్లజాతి ప్రజల పూర్వచరిత్రను వెలికి దీసి, వర్తమానమున వారి ఓటుహక్కుకై పాటుపడిన విద్వాంసుడు. రజతోత్సవ సంచికకు ఒక పండితుని జీవితమును వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యవర్గమువారు కోరినపుడు, గ్రామలెక్కల నడుమ వయసు గడపిన నాకు ఈయన పేరే మొదట తోచినది. చదువరులకొక మనవి. జాక్సను కాలమున ఆ జాతివారిని నీగ్రోలని పిలుచుట వాడుక. ఆయన గ్రంథముల పేర్లలోను ఆ మాటయే యున్నది. నేడు వారిని ఆఫ్రికన్ అమెరికనులని యందురు.

ఆయన కృషి బోధపడవలెనన్న ముందుగా ఆ దేశపు పూర్వస్థితిని కొంత తెలిసికొనవలెను. వర్జీనియా అమెరికా తూర్పుతీరమున, అట్లాంటిక్ మహాసముద్రపు టొడ్డున నున్న రాష్ట్రము. పూర్వమునుండి పొగాకు పంటకు ప్రసిద్ధి. ఆంగ్లేయుల వలసగా నున్న ఆ నేలపై 1619వ సంవత్సరమున ఆఫ్రికానుండి బందీలుగా తేబడినవారు మొదటిసారి దిగిరి. తరువాత రెండు వందల యేండ్లకు పైగా అచ్చటి సేద్యమంతయు బానిసల రెక్కలపై నడచెను. 1860వ సంవత్సరపు జనాభా లెక్కలలో వర్జీనియాయందు 4,90,865 మంది బానిసలుండిరి. వీరుగాక 58,042 మంది నల్లవారు స్వతంత్రులుగా నుండిరి. యజమాని దయవలన విడుదల పొందినవారు, అదనపు కూలి చేసి కూడబెట్టి తమ వెల తామే చెల్లించుకొన్నవారు, స్వతంత్రురాలగు తల్లికి బుట్టినవారు ఈ రెండవ తెగలో చేరుదురు.

పేరునకు స్వతంత్రులేగాని వీరి బ్రతుకు కత్తివాదరపై నడకవంటిది. 1793వ సంవత్సరపు చట్టము ప్రకారము వీరు కోర్టు గుమస్తా యొద్దకు పోయి తమ పేరు, వయసు, ఎత్తు, మేనిరంగు, మచ్చలు, తమకు స్వాతంత్ర్యము వచ్చిన విధము నమోదు చేయించుకొని, ఆ నకలు వెంట నుంచుకొనవలెను. 1831వ సంవత్సరమున సౌతాంప్టన్ కౌంటీలో నాట్ టర్నర్ అను బానిస తిరుగుబాటు చేసిన పిమ్మట శాసనములు మరింత కఠినమయ్యెను. గుమిగూడుట, ప్రార్థన నడపుట, చదువు నేర్చుట యన్నియు నేరములయ్యెను. ఇట్టివారు సోమరులనియు, దేశమునకు భారమనియు, సొంతముగ ఏమియు సాధింపలేదనియు నమ్మిక పాతుకొనిపోయెను. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయిన తరువాతను ఆ నమ్మిక మాయలేదు. గతమున ఏమియు లేనివారికి వర్తమానమున హక్కులేలయని వాదించుటకు అది ఆధారమయ్యెను. చరిత్ర లేదనిపించుకొన్న జాతికి భవిష్యత్తునందును చోటుండదు. జాక్సను పూనిన పనియందలి ప్రాధాన్య మిదియే.

జాక్సను 1892వ సంవత్సరమున కెంటకీ రాష్ట్రమునందలి లెక్సింగ్టన్ పట్టణమున జన్మించెను. తలిదండ్రులిరువురును బానిసత్వమున బుట్టి విముక్తి పొందినవారే. పన్నెండుగురు సంతానములో ఈయన తొమ్మిదవవాడు. అట్టి పెద్ద కుటుంబములో బిడ్డను ఉన్నతవిద్యకు పంపుట సామాన్య విషయము గాదు. అంతర్యుద్ధానంతరము నల్లజాతివారి విద్యకై నాష్‌విల్ నగరమున వెలసిన ఫిస్క్ విశ్వవిద్యాలయమున చేరి, 1914లో బి.ఏ. పట్టమును, 1916లో ఎం.ఏ. పట్టమును పొందెను. పిమ్మట దక్షిణ కెరొలైనాలోని వూర్హీస్ పాఠశాలయందును, తరువాత కాన్సాస్ రాష్ట్రమున టొపీకా పట్టణపు వృత్తివిద్యా సంస్థయందును ఉపాధ్యాయత్వము నెరపెను. నడుమ న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి 1922లో మరియొక ఎం.ఏ. పట్టము గైకొనెను. ఆ సంవత్సరమే జానెల్లా ఫ్రేజర్ అను సంగీత విదుషీమణిని వివాహమాడెను. ఆ సంవత్సరమే వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ పట్టణమున నల్లజాతివారి ప్రభుత్వ కళాశాలలో చరిత్ర బోధకుడుగా చేరెను. నాటినుండి మరణపర్యంతము ఇరువదియెనిమిది సంవత్సరములు ఆ కళాశాలనే అంటిపెట్టుకొని, చరిత్ర శాఖకు పెద్దయై, దానికి పేరు దెచ్చెను.

ఆ కళాశాల కథయు తెలిసికొనదగినదే. బానిసత్వము తొలగిన తరువాత నల్లవారికి ఓటు లభించి, వారి ప్రతినిధులు శాసనసభలో కూర్చున్న కొలదికాలములో, డిన్‌విడ్డీ కౌంటీ ప్రతినిధియగు ఆల్ఫ్రెడ్ హారిస్ అను నల్లజాతి న్యాయవాది ప్రవేశపెట్టిన బిల్లువలన 1882లో అది ఏర్పడెను. జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ అను ప్రఖ్యాత పురుషుడు 1885 నుండి 1887 వరకు దాని కధ్యక్షుడుగా నుండెను. జాక్సను వచ్చి చేరునాటికి అట్టి ప్రతినిధుల పేర్లు సహితము జనులు మరచిపోవుచుండిరి. తాను నిలుచున్న నేల ఎవరి చేతిమీదుగ వచ్చినదో తన విద్యార్థులకే తెలియకుండుట ఏ ఉపాధ్యాయునకైన బాధ కలిగింపకమానదు.

పీటర్స్‌బర్గ్ అప్పమాటక్స్ నదియొడ్డున నున్న పట్టణము. పొగాకు కర్మాగారములకును, పడవల రాకపోకలకును పేరుగన్నది. 1860 నాటికి ఆ పట్టణమున మూడువేలకు మించి స్వతంత్రులగు నల్లవారుండిరి. వారి మనుమలు, మునిమనుమలు జాక్సను ఎదుట వీధులలో తిరుగుచునే యుండిరి. ఆయన దూరపు విషయములకు పోక, తన యింటిముంగిటి చరిత్రనే మొదట చేపట్టెను. పీటర్స్‌బర్గ్ నందలి స్వతంత్ర నల్లవారినిగూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1927లో జర్నల్ ఆఫ్ నీగ్రో హిస్టరీ అను పత్రికయందు ప్రకటితమయ్యెను. బానిసలకు విముక్తి యెట్లు లభించెడిదను విషయముపై 1930లో ఒక వ్యాసమును, వర్జీనియాయందలి నల్లవారి మతజీవనముపై 1931లో మరియొకటియు వెలువడినవి. పట్టణపు ప్రాచీన ప్రార్థనామందిరమగు గిల్‌ఫీల్డ్ బాప్టిస్టు సంఘమునకు 1937లో చిన్న చరిత్ర వ్రాసెను. రాష్ట్రమునందలి నల్లజాతి ఉపాధ్యాయుల సంఘమునకును ఆ సంవత్సరమే చరిత్ర వ్రాసి యిచ్చెను.

పైన బేర్కొన్న పత్రిక కార్టర్ వుడ్‌సన్ అను మహావిద్వాంసునిది. వుడ్‌సన్ బాల్యమున బొగ్గుగనులలో పనిచేసి, ఇరువది యేండ్లకు ఉన్నత పాఠశాలలో జేరి, కడకు హార్వర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము బడసినవాడు. తన జాతి చరిత్రను పరిశోధించుటకై 1915లో ఒక సంఘమును, 1916లో ఈ పత్రికను నెలకొల్పి, 1926లో నల్లజాతి చరిత్ర వారోత్సవమును ఆరంభించెను. ఆ ఉద్యమమునకు వర్జీనియాయందు కుడిభుజముగా నిలచినవాడు జాక్సను. పల్లెబడుల ఉపాధ్యాయులనుండి చిన్నచిన్న చందాలు కూర్చి వుడ్‌సనునకు పంపుట, పత్రికకు చందాదారులను చేర్చుట, బడులలో వారోత్సవములు జరిపించుట ఆయన నిత్యకృత్యములు. డాలరు డాలరుగా నడచిన ఉద్యమమది. గ్రంథాలయమునకు చందాలు వసూలు చేసి యెరిగిన మనవారికి ఆ శ్రమ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ఆయన ప్రధాన గ్రంథమునుగూర్చి చెప్పవలెను. స్వతంత్ర నల్లవారు నిజముగ ఏమియు సంపాదింపలేదా యను ప్రశ్నకు ఊహలతో గాక లెక్కలతో జవాబు చెప్ప జాక్సను నిశ్చయించెను. ఆ లెక్కలు వర్జీనియాలో కుప్పలుగా నుండెను. 1782 మొదలు అచ్చట ప్రతి కౌంటీలోను పన్ను అధికారి సంవత్సరమున కొకమారు భూమి చిట్టాయు, చరాస్తి చిట్టాయు వ్రాయుట నియమము. ఎవరికి ఎన్ని యెకరములు, దాని విలువ యెంత, పన్ను ఎంత. ఎవరి యింట గుఱ్ఱములెన్ని, పశువులెన్ని, బానిసలెందరు అను వివరములు వానియందుండును. ఒక ప్రతి కౌంటీ కోర్టునందుండ, మరియొకటి రాజధానియగు రిచ్‌మండునకు పోయెడిది. మన యడంగలు, పట్టా లెక్కల నెరిగినవారికి ఇది సుబోధము. నల్లవారి పేరుచెంత పలుచోట్ల జాతిని దెలుపు గురుతు వ్రాయబడెను. వారిని వేరుచేసి అదుపులో నుంచుటకై వ్రాసిన గురుతది. వందయేండ్లకు పిమ్మట వారి జాడ పట్టుటకు జాక్సనునకు అదియే చేదివ్వె యయ్యెను.

ఈ పని చెప్పినంత సుకరము గాదు. రాష్ట్రమున కౌంటీలు నూరు వరకు గలవు. ఒక్కొక్క కౌంటీకి సంవత్సరమున కొక పుస్తకము. ఒక్కొక్క పుస్తకమున వందలకొలది పేర్లు. గురుతు లేనిచోట ఆ పేరు నల్లవానిదో తెల్లవానిదో తెలియదు. అప్పుడు కోర్టునందలి స్వతంత్రుల రిజిస్టరుతోడను, జనాభా లెక్కలతోడను, దస్తావేజులతోడను, వీలునామాలతోడను సరిపోల్చవలెను. జాక్సను పాఠములు చెప్పుకొనుచునే, వీలు చిక్కినపుడెల్ల కోర్టులకు పోయి ఈ పని సాగించెను. పాతకుటుంబముల వారసులను కలిసికొని వారి పెద్దల సంగతులు సేకరించెను. 1830వ సంవత్సరపు లెక్కలను, 1860వ సంవత్సరపు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి, ముప్పది యేండ్లలో ఒక్కొక్కచోట వచ్చిన మార్పును గుణించెను. ఈ పరిశోధనకై చికాగో విశ్వవిద్యాలయము 1937లో ఆయనకు డాక్టరు పట్టము నొసగెను. అప్పటికాయన వయసు నలువదియైదు సంవత్సరములు. ఆ గ్రంథము 1942లో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ పక్షమున అచ్చయ్యెను. వర్జీనియాయందు 1830 మొదలు 1860 వరకు స్వతంత్ర నల్లవారి శ్రమయు, ఆస్తియు అనునది దాని విషయము.

ఫలితము లోకము నమ్మినదానికి విరుద్ధముగ తేలెను. 1860 నాటికి వర్జీనియాలోని స్వతంత్ర నల్లవారు అరువదివేల యెకరములకు మించిన సాగుభూమికి యజమానులుగా నుండిరి. పట్టణములలో వారి యిండ్లును స్థలములును కలిసి నాలుగు లక్షల డాలర్లకు మించిన విలువ గలిగియుండెను. శాసనములు బిగిసిన ఆ ముప్పది యేండ్లలోనే వారి భూమి తరుగుటకు మారు పెరిగెను. కమ్మరులు, వడ్రంగులు, చెప్పులు కుట్టువారు, మంగలులు, పడవవారు, పొగాకు కర్మాగారపు కూలీలు, బట్టలుతుకు స్త్రీలు, చిన్నరైతులు అందరును ఆ చిట్టాలలో పన్ను చెల్లించినవారుగా కనబడిరి.

ఇది యెట్లు సాధ్యమయ్యెనను ప్రశ్నకును జాక్సను సమాధానము చెప్పెను. శాసనము రాజధానిలో పుట్టును; అవసరము పల్లెలో పుట్టును. ఆ యేండ్లలో వర్జీనియా వ్యవసాయము తిరిగి పుంజుకొనుచుండెను. కూలికి మనుష్యులు కరవు. ఇనుము కాల్చు కొలిమికి, ఇల్లు కట్టు పనికి, పంట కోతకు ఇరుగుపొరుగు తెల్లవారికి వీరు కావలసియుండిరి. అందుచేత కఠినశాసనములు పెక్కుచోట్ల కాగితముపైననే నిలిచిపోయెను. నేర్పరియగు పనివానిని దేశమునుండి వెళ్లగొట్టవలదని తెల్లవారే శాసనసభకు అర్జీలపై సంతకములు చేసిన సందర్భములు కలవు. దయయే దీనికంతకు మూలమని జాక్సను భ్రమపడలేదు. వీరి పనితనమే వీరికి కవచమైనదని ఆయన తేల్చెను.

చిట్టాను చదువుటలో ఆయన సూక్ష్మబుద్ధి మరియొకచోట మిక్కిలి ప్రకాశించినది. చరాస్తి లెక్కలలో కొందరు స్వతంత్ర నల్లవారి పేర బానిసలు గూడ వ్రాయబడియుండిరి. తొందరపాటున చదివినవాడు నల్లవారే నల్లవారిని బానిసలుగ నుంచిరని ఎత్తిపొడిచి ఊరకుండును. జాక్సను ఆగి, ఆ బానిస యెవరని విచారించెను. పెక్కుచోట్ల ఆ బానిస యజమానికి భార్యయో, బిడ్డయో, తల్లియో యయ్యెను. దీనికి కారణము 1806వ సంవత్సరపు చట్టము. ఆ చట్టము ప్రకారము విముక్తి పొందిన బానిస పన్నెండు నెలలలో రాష్ట్రము విడిచిపోవలెను. లేనిచో మరల బానిసత్వమే. ఒకడు తాను స్వతంత్రుడై, పదియేండ్లు కష్టించి, భార్యను ఆమె యజమాని యొద్ద కొనెననుకొనుడు. ఆమెకు విముక్తిపత్రము వ్రాసి యిచ్చినచో ఆమె ఊరు విడువవలెను. ఇయ్యకున్నచో ఆమె భర్తకు ఆస్తిగా లెక్కలో నిలుచును. కాపురము నిలుపుకొనుటకు భార్యను బానిసగ వ్రాయించి, ఆమెపై పన్ను కట్టవలసిన దుస్థితి యది.

మన పురాణములలో హరిశ్చంద్రుడు ఋణము తీర్చుటకై చంద్రమతి నమ్ముకొనెను. ఈ అభాగ్యుడు భార్యను దక్కించుకొనుటకై పైకము కూర్చి ఆమెను కొనెను. గరుత్మంతుడు అమృతము దెచ్చి యిచ్చినంతనే వినత దాస్యము తీరెను. ఇచ్చట వెల యంతయు చెల్లించినను తల్లి దాస్యము లెక్కలో తీరదు. అట్టి కన్నీటికథ ఒక్క అంకెగా మాత్రమే చిట్టాలో నున్నది. దాని వెనుకనున్న మనుష్యులను చూచుట చదువరి బాధ్యత. అయితే జాక్సను పక్షపాతి గాడు. లాభాపేక్షతోనే బానిసల నుంచుకొన్న నల్లవారు కొందరుండిరని సాక్ష్యము చెప్పినచో దానిని గూడ దాచక వ్రాసెను. తనవారికి మేలు చేయు సత్యమును మాత్రమే యేరి చెప్పువాడు న్యాయవాది యగును గాని చరిత్రకారుడు గాడు.

ఈ లెక్కలకు హద్దులును గలవు. ఆస్తి గలవాని పేరే పన్ను చిట్టాకెక్కును. స్వతంత్రులలో అధికసంఖ్యాకులకు సెంటు భూమియు లేదు. ఇక నాలుగు లక్షల తొంబదివేల బానిసల మాట చెప్పనేల? 1850, 1860 జనాభా లెక్కలలో సహితము వారి పేర్లు వ్రాయబడలేదు. యజమాని పేరు క్రింద వయసు, లింగము, రంగు మాత్రమే నమోదయ్యెను. అందుచేత జాక్సను కనుగొన్నది ఆ ప్రజల సుఖజీవనము గాదు. అవకాశము రవ్వంత చిక్కినచోట వారు చూపిన సామర్థ్యము. దానినంత మేరకే గ్రహించుట ఆయనకు న్యాయము చేయుట.

తరువాత ఆయన రెండు చిన్న గ్రంథములు వెలువరించెను. 1944 నాటి గ్రంథము అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున పోరాడిన వర్జీనియా నల్లజాతి సైనికులను, నావికులనుగూర్చినది. దండు పట్టీలు, పింఛను కాగితములు, సైనికులకిచ్చిన భూమి దస్తావేజులు వెదకి ఆయన పేరుపేరున వారిని లెక్కించెను. అట్టివారిలో జేమ్స్ అను బానిస 1781లో ఫ్రెంచి సేనానియగు లఫాయెత్ పక్షమున శత్రుశిబిరమున వేగు నడపెను. ఆ సేవకుగాను శాసనసభ ప్రత్యేక చట్టముచే అతనికి విముక్తి కల్పించెను. దేశమునకు స్వాతంత్ర్యము దెచ్చినవారిలో స్వాతంత్ర్యము లేనివారును గలరని తెల్పిన గ్రంథమిది.

1945 నాటి గ్రంథము 1865 మొదలు 1895 వరకు వర్జీనియాలో పదవులు నిర్వహించిన నల్లవారి పట్టిక. 1867, 68 సంవత్సరములలో రాజ్యాంగము వ్రాసిన సభలో నల్లవారు ఇరువదిమందికి పైగా కూర్చుండిరి. పిమ్మట శాసనసభలో అనేకులు సభ్యులైరి. కళాశాల మొదటి అధ్యక్షుడగు లాంగ్‌స్టన్ 1888లో జాతీయ కాంగ్రెసుకు పోటీచేసి, తగవు తీరిన పిమ్మట 1890లో స్థానము పొందెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున ఈ వరుస తెగిపోయెను. తెగిన దారపు కొసను పట్టి చూపుటయే జాక్సను ఉద్దేశము. పూర్వమున పరిపాలించినవారు మరల పరిపాలింపగలరని దాని భావము.

ఆ దారము తెగుటకు కారణము పన్నే యగుట ఒక విచిత్రము. 1902వ సంవత్సరపు వర్జీనియా రాజ్యాంగము ఓటునకు తలపన్ను ముడిపెట్టెను. సంవత్సరమునకు ఒకటిన్నర డాలరు చొప్పున, ఎన్నికకు ముందు మూడు సంవత్సరముల పన్ను, ఆరు నెలలకు మునుపే చెల్లించినవారికే ఓటు. ఎన్నిక మాట యెవరికిని తోచని కాలమున పన్ను గడువు దాటిపోవును. కూలివానికి నాలుగున్నర డాలర్లు స్వల్పము గాదు. దీనివలన నల్లవారే గాక బీదలగు తెల్లవారును వేలకొలది ఓటు గోల్పోయిరి. పన్ను చెల్లించినవారి పట్టికను కౌంటీ కోశాధికారి తయారుచేసి, తెల్లవారిని, నల్లవారిని వేరువేరుగ వ్రాయుట నియమము.

పాతచిట్టాలు చదివి కనులు పండించుకొన్న జాక్సను ఈ క్రొత్త పట్టికలను గూడ చదువసాగెను. 1935లో పీటర్స్‌బర్గ్ నందు నల్లజాతి ఓటర్ల సంఘము స్థాపించెను. అది 1941 నాటికి రాష్ట్రమంతట వ్యాపించు వర్జీనియా ఓటర్ల సంఘముగ పెరిగెను. ఆయన 1940 మొదలుకొని కౌంటీలవారీగా నల్లజాతి ఓటర్ల సంఖ్యను సేకరించి యేటేట చిన్న పుస్తకముగ ప్రకటించుచు వచ్చెను. ఏ కౌంటీలో ఎందరున్నారు, అందులో ఎందరు పన్ను కట్టిరి, ఎందరు కట్టలేదు అను అంకెలు చూచినవారికి ఎచ్చట పనిచేయవలెనో తెలిసెడిది. తమ కౌంటీ పేరు చివర నుండుట చూచి సిగ్గుపడి పూనుకొన్న యూళ్లును గలవు. 1942 నుండి 1948 వరకు నార్‌ఫోక్ నగరపు జర్నల్ అండ్ గైడ్ అను వారపత్రికలో ప్రజాస్వామ్యమునందలి హక్కులు, విధులు అను విషయమై వరుసగ వ్రాసెను. సభలలో ఉపాధ్యాయులకు ఆయన బోధించినది సామాన్యమైన సంగతి: గడువులోగా పన్ను కట్టుడు, పేరు నమోదు చేయించుకొనుడు, ఓటు వేయుడు. అన్యాయపు పన్నును కట్టుమనుట లొంగుబాటని కొందరు తలచవచ్చును. కాని ఆ పన్నును తొలగించు సభను ఎన్నుకొనుటకు మొదట ఓటుండవలెను గదా!

ఇట్లు బోధనము, పరిశోధనము, ప్రజాసేవ యను మూడు బండ్లను ఒక్కడే లాగుచు ఆయన దేహము నలసిపోయెను. 1950 ఏప్రిల్ నెలలో, అరువది నిండకముందే, పీటర్స్‌బర్గ్ నందు కన్నుమూసెను. ఆయన గురుతుల్యుడగు వుడ్‌సన్ గూడ ఆ నెల 3వ తేదీననే వాషింగ్టనులో మరణించియుండెను. ఒక్క మాసమున ఆ చరిత్రోద్యమము తన మూలపురుషుని, వర్జీనియాయందలి తన దృఢస్తంభమును గోల్పోయెను.

ఆయన నాటిన విత్తనములు ఆయన చూడకయే ఫలించినవి. 1954లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీయందు నల్లజాతి విద్యార్థులకై మొట్టమొదటి ఉన్నత పాఠశాల తెరువబడినపుడు దానికి లూథర్ జాక్సను పేరే పెట్టిరి. 1964లో రాజ్యాంగ సవరణముచే జాతీయ ఎన్నికలలో తలపన్ను రద్దయ్యెను. 1966లో సుప్రీంకోర్టు వర్జీనియానుండి వచ్చిన వ్యాజ్యముననే రాష్ట్ర ఎన్నికలలోను అది చెల్లదని తీర్పు చెప్పెను. 1967 ఎన్నికలలో విలియం ఫెర్గూసన్ రీడ్ అను వైద్యుడు వర్జీనియా శాసనసభకు ఎన్నికయ్యెను. ఆ సభలో మరల నల్లజాతి సభ్యుడు కూర్చుండుటకు ముప్పావు శతాబ్దము పట్టినది. జాక్సను పట్టికలో ఆగిపోయిన వరుసకు రీడ్ పేరు మరల క్రొత్త పంక్తి యయ్యెను.

ఈ మహనీయుని జీవితమునుండి మనము గ్రహింపదగినది రెండు మాటలు. మొదటిది లెక్క వ్రాయువారికి. కలము పట్టినవాడు తాను వ్రాయునది ఈ యేటి వసూలునకే యని తలచరాదు. ఒక పేరు తప్పు వ్రాసినను, విడిచిపెట్టినను నూరేండ్ల పిమ్మట ఒక కుటుంబము చరిత్రలో లేకుండపోవును. పేరును, విస్తీర్ణమును ఉన్నదున్నట్లు వ్రాసినచో, వ్రాసినవాని ఉద్దేశమెట్టిదైనను అది బలహీనునకు ఒకనాడు సాక్షియై నిలుచును.

రెండవది చదువరులకు. మన యిండ్లలోను అటకలపై పాతదస్తావేజులు, రసీదులు, శిస్తు కాగితములు, పెండ్లి లెక్కలు చెదలకు ఆహారమగుచున్నవి. వానిని పొయ్యిలో వేయకుడు. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, పుస్తకములకొక బీరువా యున్నట్లే, ఊరి పాతకాగితములకొక బీరువా యేర్పడిన బాగుగ నుండును. రాజులు వ్రాయించుకొన్న చరిత్ర ఏ నగరముననైన దొరకును. కౌలుదారులు, కూలీలు, వృత్తిపనివారలు ఈ యూరిలో యెట్లు బ్రతికిరో తెలుపు కాగితము ఈ యూరిలో తప్ప మరెచ్చటను దొరకదు. అట్టి బీరువాను విప్పి చదువు జాక్సను మన బిడ్డలలో ఒకడు పుట్టుగాక యని కోరుచు, గ్రంథాలయమునకు శతవత్సరాభివృద్ధి నాశించుచు విరమించుచున్నాను.